బడి గోడ మీద చదువు

నాకు టీచరు ఉద్యోగం వచ్చిందని ఆర్డరు అందిన రోజు మా ఇంట్లో పండుగా ఏడుపూ ఒకేసారి మొదలయ్యాయి. ఉద్యోగం వచ్చినందుకు నాన్న వీధంతా చక్కెర పంచాడు. పోస్టింగు భద్రాచలం అవతలి అడవిలో అని తెలిసి అమ్మ అన్నం మానేసింది.

మాది సత్తుపల్లి దగ్గర మిరపతోటల ఊరు. తాతల కాలంలో కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మా ఊరికీ అడవికీ బస్సులో సగం రోజు దూరం. అయినా అడవి సంగతులు మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. కోయవాళ్లు అన్నంలో మందు పెడతారట. వాళ్ల చూపు పడితే పాలు విరుగుతాయట. చదువుకున్న ఆడపిల్ల కనిపిస్తే అన్నలు తుపాకీ చూపించి తమలో కలిపేసుకుంటారట. ఇవన్నీ చెప్పినవాళ్లలో ఒక్కరైనా భద్రాచలం గుడి మెట్లు దిగి అవతలికి పోయినవాళ్లు కారు. అయినా చెప్పింది పదిమంది కాబట్టి నేను నమ్మాను.

"అక్కడి నీళ్లు తాగబాకు. ఎవరేం పెట్టినా తినబాకు" అంది అమ్మ.

"మరి ఏం తిని బతకమంటావే?"

అమ్మ ట్రంకుపెట్టెలో నిమ్మకాయలు, పసుపు కొమ్ములు, ఎండుమిరపకాయలు సర్దింది. మెడలో ఒక తాయెత్తు కట్టింది.

ఎనభైల మొదటి రోజులవి. ఎర్రబస్సు ఎక్కడ వెనక్కి తిరుగుతుందో అక్కడే నేను దిగాల్సిన ఊరు. ఊరంటే చెట్ల మధ్య విసిరేసినట్టు తడికె గోడల ఇళ్లు. వాటన్నిటికీ ముందు, బస్సు తిరిగే చోట, సున్నం కొట్టిన పొడుగాటి పెంకుల కొట్టం. అదే మా ఆశ్రమ బడి. పిల్లలు అక్కడే తిని అక్కడే పడుకుంటారు.

నేను బస్సు దిగేసరికి బడి ముందర పిల్లలు గోళీలాడుతున్నారు. నన్ను చూశారు. నా చేతిసంచిని చూశారు. మరుక్షణం అక్కడ గోళీలు తప్ప ఎవరూ లేరు. అందరూ అడవిలోకి పరుగు.

వంటామె ఒక్కతే బయటికి వచ్చింది. నడివయసు కోయామె. తెలుగు బాగానే మాట్లాడుతుంది.

"సంచి జూసి ఉరికిండ్రమ్మా" అంది నవ్వుతూ.

"సంచి చూసి భయమెందుకు?"

"పిల్లలు పుట్టకుండ ఆపరేషన్లు జేసే కాలంల డాక్టర్లు సంచులేసుకొనే వచ్చిండ్రు గదా. మొగోళ్లను పట్టి జీబెక్కించిండ్రు. గప్పటికెల్లి సంచి అంటే కత్తే. పట్నం ఆడోళ్లు సూదులతోని పిల్లల నెత్తురు గుంజి అమ్ముకుంటరని గూడ అన్నరు."

వాళ్లు నాకు మందు పెడతారని నేను వణుకుతూ వస్తే, నేను వాళ్ల నెత్తురు తీస్తానని వాళ్లు పారిపోయారు. వంటామె తెలివైంది. నా పెట్టెను వాకిట్లోకి ఈడ్చుకొచ్చి మూత తెరిచింది. చెట్ల వెనక నుంచి ఒక్కొక్క తలా బయటికి వచ్చింది. నిమ్మకాయలు, పసుపు కొమ్ములు, రెండు చీరలు, ఒక దువ్వెన. కత్తి లేదు, సూది లేదు. ముందుపళ్లు ఊడిన ఒక పిల్ల దగ్గరికొచ్చి నా తాయెత్తు పట్టుకుని చూసింది. తన మెడలోని తాయెత్తు తీసి పక్కన పెట్టి పోల్చింది. అందరూ ఒకటే నవ్వు. ఆ పూట వంటామె పెట్టిన జొన్నరవ్వతో వండిన గటక రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. నాకేమీ కాలేదు. ఆ సంగతి అమ్మకు కార్డు రాస్తే, మందు వెంటనే పనిచేయదని జవాబు రాయించింది.

బడికి పెద్దసారు ఒకాయన ఉన్నాడు. హెడ్‌మాస్టరూ ఆయనే, హాస్టలు వార్డెనూ ఆయనే. తెల్లటి ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. నన్ను "అమ్మా" అనే పిలిచేవాడు. నా గదికి తలుపు గొళ్లెం స్వయంగా బిగించి ఇచ్చాడు. రోజూ పొద్దున ప్రార్థన తర్వాత పిల్లల చేత ఒక ప్రతిజ్ఞ చేయించేవాడు. ఆయన సొంతంగా కట్టింది. "బడి మాకు తల్లి. సారు మాకు తండ్రి. పెట్టిందే పరమాన్నం. చెప్పిందే వేదం." నా గొంతు బాగుంటుందని మొదటి వారంలోనే ఆ ప్రతిజ్ఞ చెప్పించే పని నాకు అప్పగించాడు. నేను ఒక రాగం కూడా తగిలించాను. పిల్లలు తలలూపుతూ పాడేవాళ్లు. వినడానికి ఎంతో ముచ్చటగా ఉండేది.

పాఠ్యపుస్తకాలు మాత్రం రాలేదు. భద్రాచలం ఆఫీసులో అడిగితే ఖమ్మంలో ఉన్నాయన్నారు. ఖమ్మంలో అడిగితే భద్రాచలం పంపామన్నారు. గోదావరి పొంగింది, రోడ్డు తెగింది, పుస్తకాలు ఎటో పోయాయి. నల్లబల్ల ఉంది కానీ సుద్దముక్కలు లేవు. పిల్లల ఇంటి భాష కోయ. వాళ్లకు తెలుగు అక్షరాలు నేర్పాలంటే కళ్లముందు ఏదో ఒక అచ్చు కనిపించాలి.

కనిపించేది ఒక్కటే. మా బడి గోడ.

చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో సున్నం కొట్టిన గోడ మాదొక్కటే. పైగా బస్సు తిరిగే చోట ఉంది. అందుకని ఎవరికి ఏం చెప్పాలని ఉన్నా దానిమీదే రాసేవాళ్లు. నేను వెళ్లేసరికి దాని మీద నీలం రంగులో "చిన్న కుటుంబం, చింతలేని కుటుంబం" అని ఉంది. కొన్నాళ్లకు ఒక పొద్దున లేచి చూస్తే దాని మీదుగా ఎర్ర అక్షరాలు, "దున్నేవాడిదే భూమి" అని. కింద చిన్నగా "తునికాకు కట్టకు రేటు పెంచాలి" అని. వారం తిరక్కుండా పోలీసులు సున్నం తెచ్చి కొట్టించి, నల్లరంగుతో "అన్నల మాటలు నమ్మకండి, లొంగిపోయి సుఖంగా బతకండి" అని రాయించారు. తర్వాత మళ్లీ ఎరుపు. మళ్లీ సున్నం. మళ్లీ నలుపు.

నేను పిల్లల్ని బయట గోడ ముందు కూర్చోబెట్టి, ఒక వెదురు పుల్లతో చూపిస్తూ అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాను. "చి" అంటే చిన్న. "దు" అంటే దున్నేవాడు. "లొం" అంటే లొంగిపోయి. ఏ పాఠ్యపుస్తకమూ అంత పెద్ద అక్షరాలు వేయదు. పైగా ఎప్పటికప్పుడు కొత్త పాఠం వస్తుంది. అందరికంటే ముందు చదవడం వచ్చింది ఆ ముందుపళ్లు ఊడిన పిల్లకే. అప్పటికి దానికి కొత్త పళ్లు కూడా వచ్చాయి.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. సున్నం పొరలు పొరలుగా రాలిపోయి, పాత రాతలన్నీ ఒకదానిలోంచి ఒకటి బయటపడ్డాయి. ఒక పొద్దున పిల్లలంతా గోడ ముందు నిలబడి గొంతెత్తి చదువుతున్నారు.

"దున్నేవాడిదే చింత! చిన్న అన్నల మాటలు నమ్మకండి! భూమి లొంగిపోయి సుఖంగా బతకండి!"

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. వంటామె మాత్రం గంటె పట్టుకుని వచ్చి, మొదటి ముక్క మళ్లీ చదవమంది. చదివారు.

"దున్నేటోనిదే చింత. గా మాట నిజమే. ఎవ్వలు రాసిండ్రో గాని మంచిగ రాసిండ్రు" అని లోపలికి పోయింది.

అప్పుడే ఆ పిల్ల నన్ను అడిగింది. "టీచరమ్మా, గోడ మీద రాసిందంత నిజమేనా?"

నిజమే అంటే ఒకదానికొకటి పొసగదు. అబద్ధం అంటే అక్షరాలు నేర్పింది దానిమీదే. నాకు తోచింది చెప్పాను. "ఏదైనా చదివినప్పుడు మూడు సంగతులు అడుగు. ఇది ఎవరు రాశారు? ఎవరి కోసం రాశారు? మనల్ని ఏం చేయమంటున్నారు? ఆ తర్వాత నిజమో కాదో నువ్వే ఆలోచించు."

ఆ రోజు నుంచి అది మాకొక ఆట అయిపోయింది. గోడ మీద కొత్త రాత కనిపిస్తే చాలు, పిల్లలు చుట్టూ చేరి మూడు ప్రశ్నలూ వేసుకునేవాళ్లు. రేషన్ సంచి మీద రాత, బస్సు మీద రాత, అగ్గిపెట్టె మీద బొమ్మ, ఏదీ వదల్లేదు. బస్సు లోపల "టికెట్ లేని ప్రయాణం నేరం" అని ఉంటే, ఇది కండక్టరు కోసం రాసిందా మన కోసం రాసిందా అని పెద్ద వాదం. ఆ కండక్టరు డబ్బులు తీసుకుని టికెట్టు ఇచ్చేవాడు కాదు మరి.

ఒక మధ్యాహ్నం పోలీసు ఎస్సై జీపులో వచ్చాడు. చెట్టుకింద కుర్చీ వేయించుకుని చాయ్ తాగుతూ పిల్లల చదువు విన్నాడు. ఖమ్మం టౌను మనిషి. చెడ్డవాడేమీ కాడు. తమ నల్లరాతను పిల్లలు తడుముకోకుండా చదువుతుంటే మురిసిపోయాడు.

"ఏయ్ పిల్లా, ఇటు రా. చదివినవ్ గదా, సమజైందా?"

"అయింది సార్. గిది మీరే రాసిండ్రా?"

"అవ్. మేమే రాయించినం."

"ఎవరి కోసం రాసిండ్రు?"

"మీకోసమే. మీ ఊరోళ్ల మంచికోసం."

ఆ పిల్ల గోడనూ ఎస్సైనీ మార్చి మార్చి చూసింది. "మా ఊళ్లె పెద్దోళ్లకు సదువు రాదు గద సార్. మరి ఎవరు సదువుతరని రాసిండ్రు?"

ఎస్సై చాయ్ గ్లాసు కింద పెట్టాడు. నిజంగానే ఆయనకు ఆ ఆలోచన ఎప్పుడూ వచ్చినట్టు లేదు. ఆ మాటకొస్తే నాకూ రాలేదు. ఆ ఊళ్లో పెద్దవాళ్లెవరూ ఆ గోడ చదవలేరు. ఎర్ర రాతలు పోలీసులు చదువుతారు. నల్ల రాతలు అన్నలు చదువుతారు. ఊరి పేరు చెప్పి వాళ్లిద్దరూ ఒకరికొకరు కార్డులు రాసుకుంటున్నారన్నమాట.

ఎస్సై ముందు గట్టిగా నవ్వాడు. తర్వాత లేచి టోపీ పెట్టుకుంటూ నా దగ్గరికొచ్చాడు. "ఏం నేర్పుతున్నరు టీచరమ్మా పిల్లలకు? గిట్ల ఎదురుప్రశ్నలు నేర్పితే రేపు ఎవరి మాటా వినరు. జర చూసుకోండ్రి" అన్నాడు. గొంతులో నవ్వు లేదు.

ఆ మాట ఊరు దాటడానికి ఎంతోకాలం పట్టలేదు. కొన్నాళ్లకు ఒక పొద్దున, ప్రార్థన వేళకు, అన్నలు వచ్చారు. అప్పటిదాకా నేను వాళ్లను చూడలేదు. మా ఊళ్లో విన్న కథలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పెద్దసారు కడుపునొప్పి అని గదిలోకి పోయి గొళ్లెం పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లలో ముందున్న కుర్రాడు నాకంటే చిన్నవాడిలా ఉన్నాడు. పలచటి మీసం, అరిగిపోయిన చెప్పులు. నన్ను ఎత్తుకుపోయే ఉద్దేశం ఏమీ ఉన్నట్టు లేదు. మంచినీళ్లు అడిగి తాగి, పిల్లల్ని కూర్చోబెట్టి ఒక పాట పాడాడు. బాగా పాడాడు కూడా. తర్వాత గోడ వైపు చూపించి, తునికాకు రేటు ఎందుకు పెరగాలో చెప్పాడు.

మా పిల్ల లేచి నిలబడింది. కూర్చోమని సైగ చేశాను, చూడలేదు.

"అన్నా, గిది ఎవరి కోసం రాసిండ్రు?"

"మీకోసమే చెల్లె. మీ అమ్మ, మీ నాయిన కోసం."

"పోలీసు సారు గూడ మాకోసమే అన్నడు. ఇద్దరికీ మా మంచే కావాల్నంటే, మరి మీరిద్దరు ఎందుకు కొట్టుకుంటున్నరు?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ కుర్రాడూ నవ్వబోయి ఆగిపోయాడు. వెనకనున్నవాళ్లు చూస్తున్నారు మరి. దోపిడీ గురించి, వర్గాల గురించి కాసేపు చెప్పాడు. పిల్లలు ప్రతిజ్ఞకు ఊపినట్టే తలలూపారు. వెళ్లేముందు నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, పిల్లల్ల అనుమానం పెంచొద్దు. నమ్మకం పెంచాలె. జర సోచాయించు" అన్నాడు.

వాళ్లు వెళ్లాక నేను అరుగు మీద కూలబడ్డాను. వంటామె నీళ్లు తెచ్చి ఇచ్చింది. "ఇంక ఈ ప్రశ్నలు మానిపిస్తానమ్మా, మనకెందుకు" అన్నాను. ఆమె నా వైపు వింతగా చూసి, "నువ్వు మానిపిస్తే మానుతరా? ఈత నేర్సిన పిల్ల మునుగుతదా?" అంది.

నిజం చెప్పాలంటే ఆ ఎండాకాలం తునికాకు కట్టకు రేటు పెరిగింది. అన్నల భయానికే కాంట్రాక్టరు పెంచాడని ఊరంతా అనుకుంది. ఎస్సై రాయించిన దానిలోనూ నిజం లేకపోలేదు. పక్క ఊళ్లో ఒకాయనను పోలీసులకు కబురు చెప్పాడనే అనుమానంతో అన్నలు కొట్టారు, తర్వాత అతను కాదని తేలింది. రెండు రాతల్లోనూ ఉత్త అబద్ధాలే ఉంటే పిల్లలకు చెప్పడం నాకు తేలికయ్యేది. సగం సగం నిజాలు కావడం వల్లే నేను ఏ ప్రశ్నకూ జవాబు చెప్పకుండా, ప్రశ్న దగ్గరే ఆగిపోయేదాన్ని.

ఇక అసలు సంగతి సెలవుల తర్వాత జరిగింది. బడి తెరిచిన కొత్తలో ఒక పొద్దున మామూలుగానే ప్రతిజ్ఞ చెప్పిస్తున్నాను. పెద్దసారు ఇంకా ఊరి నుంచి రాలేదు. "పెట్టిందే పరమాన్నం" దగ్గర ఆ పిల్ల పాడటం ఆపేసింది.

"టీచరమ్మా, గిది ఎవరు రాసిండ్రు?"

"ప్రతిజ్ఞా? సారు రాశారు."

"ఎవరి కోసం?"

నేను తర్వాతి ముక్క ఎత్తుకోబోయాను. వెనక వరసలో ఎవరో అందుకున్నారు. "మనల్ని ఏం చెయ్యమంటుండు?" ఇంకొకరు జవాబు చెప్పారు. "పెట్టింది తినమంటుండు."

ఎవరూ నవ్వలేదు. మా బడిలో పప్పు ఎలా ఉండేదంటే, పళ్లెం అడుగున వేసిన పువ్వు బొమ్మ స్పష్టంగా కనిపించేది. కందిపప్పు బస్తాలు భద్రాచలం నుంచి నిండుగా వచ్చి, పెద్దసారు ఊరికి పోయే బస్సు మీద సగం తిరిగిపోతాయని వంటామెకు తెలుసు. నేనూ ఆ బస్సు పైన బస్తాలు ఎక్కించడం చూశాను. చూసి, సారు కదా, ఏదో లెక్క ఉండే ఉంటుంది అనుకున్నాను. ఎర్రరాతనూ నల్లరాతనూ పుల్లతో పొడిచి పొడిచి చదివించిన నాకు, రోజూ నా గొంతుతో పాడించే మాటల మీద ఆ పుల్ల పెట్టాలని తోచనే లేదు.

మర్నాడు పొద్దున గోడ మీద కొత్త రాత. ఎరుపు కాదు, నలుపు రంగు కాదు. పొయ్యి బొగ్గు. అక్షరాలు వంకరటింకర.

"పప్పుల పప్పు లేదు."

పెద్దసారు అప్పుడే బస్సు దిగుతున్నాడు. ఎర్రరాతలు ఎన్నిసార్లు వచ్చినా ఆయన పట్టించుకున్నవాడు కాదు. ఈ రాతను చూడగానే సంచి అక్కడే పడేసి, ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, సున్నం డబ్బా తెచ్చి తనే కుంచె పట్టాడు. మధ్యాహ్నం అన్నం గంట కొట్టేలోపే రాత ఉన్న మేర గోడ తెల్లగా అయిపోయింది. ఆయన చొక్కా కూడా.

"ఎవరు రాసిండ్రు?" అని పిల్లల్ని నిలబెట్టి అడిగాడు. అందరి అరచేతులూ నల్లగానే ఉన్నాయి. బొగ్గు అందరూ పూసుకున్నారు. నా వైపు చూశాడు. వంటామె పొయ్యి బూడిద ఎత్తుతూ తన నల్లటి చేతులు కూడా పైకెత్తి చూపించింది. ఆయన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

మళ్లీ రాత. మళ్లీ సున్నం. ఆ వారం మా బడికి ఖర్చయినంత సున్నం ఏ పెళ్లింటికీ ఖర్చయి ఉండదు. చివరికి భద్రాచలం గిరిజన సంక్షేమం ఆఫీసు నుంచి ఒక అధికారి జీపులో వచ్చాడు. ఎవరూ పిలవలేదు. పక్క ఊరి బావి చూడటానికి పోతూ, ఇంజను వేడెక్కి, నీళ్ల కోసం మా దగ్గర ఆగాడు. తడి సున్నం మీద చెయ్యి ఆనించబోయి వెనక్కి తీసుకున్నాడు.

"గోడంతా పాతగా ఉంది. ఈ ఒక్కచోటే కొత్త సున్నమెందుకు సారూ?" అని పెద్దసారుని అడిగాడు.

"నీటుగా ఉండాలని సార్" అన్నాడు పెద్దసారు.

"గాడ 'పప్పుల పప్పు లేదు' అని ఉన్నది సార్" అంది మా పిల్ల, నల్లబల్ల మీద పాఠం చదివినట్టు.

జీపు చల్లబడింది. అయినా అధికారి కదల్లేదు. అన్నం గంట కొట్టేదాకా ఉండి, పిల్లల వరసలో కూర్చుని ఒక పళ్లెం పెట్టించుకున్నాడు. పప్పు పోయించుకుని పళ్లెం అడుగున పువ్వు బొమ్మ కేసి చాలాసేపు చూశాడు. తర్వాత పెద్దసారుని లోపలికి తీసుకుపోయి తలుపు వేశాడు. లోపల ఏం జరిగిందో మాకు తెలియదు. బయటికి వచ్చినప్పుడు పెద్దసారు ముఖం మాత్రం గోడ రంగులోనే ఉంది.

పప్పు చిక్కబడింది. ప్రతిజ్ఞలో "పెట్టిందే పరమాన్నం" ముక్క ఎవరూ చెప్పకుండానే రాలిపోయింది. పెద్దసారు నాతో మాట్లాడటం మానేశాడు కానీ, గొళ్లెం మాత్రం విప్పుకుపోలేదు.

అధికారి ఉత్సాహవంతుడు. నెల తిరక్కుండా భద్రాచలం నుంచి పెయింటరును పంపి, మా గోడ మీద ఆకుపచ్చ రంగులో ఈ చివర నుంచి ఆ చివరదాకా పెద్ద పెద్ద అక్షరాలతో రాయించాడు. "ఈ పాఠశాలలో బాలబాలికలకు పౌష్టికాహారము అందించబడును." పిల్లలు చుట్టూ చేరారు. పౌష్టికాహారం అంటే ఏమిటో చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. ఎవరు రాశారు, ఎవరి కోసం, ఏం చేయమంటున్నారు. ప్రశ్నలన్నీ అయ్యాయి. బాగానే ఉందని తేల్చారు.

చలికాలం వచ్చేసరికి పప్పులో మళ్లీ పువ్వు బొమ్మ తేలింది. ఒక పొద్దున నేను పళ్లు తోముకుంటూ బయటికి వచ్చి చూశాను. అధికారి ఆకుపచ్చ రాత అలాగే ఉంది. దాని చివర, బొగ్గుతో, చిన్నగా, ఒక్క మాట చేర్చి ఉంది.

"ఎప్పుడు?"

పెద్దసారు సున్నం డబ్బా పట్టుకుని గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. పెద్దాఫీసరు రాయించిన రాత పక్కన కుంచె పెట్టాలంటే చెయ్యి రాలేదు. డబ్బా అక్కడే దించేసి, వంటింట్లోకి పోయి, సామాను గది తాళం తీసి వంటామె చేతికి ఇచ్చాడు.

"ఇయ్యాల్టికెల్లి నువ్వే తీస్కో అమ్మా. ఎంత కావాల్నో గంత వెయ్యి" అన్నాడు.

వంటామె వేసింది. ఆ రోజు పప్పు ఎంత గట్టిగా వచ్చిందంటే, గంటె నిలబెడితే నిలబడింది. పిల్లలు దాన్ని పడగొట్టకుండా చుట్టూ కూర్చుని కాసేపు చూసి, అప్పుడు తిన్నారు.